రెండోసారి మోగిన బడిగంట

మా చిన్నప్పుడు... మదనపల్లెలో ఏడో తరగతి. ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గారు మమ్మల్ని క్లాసులకు పంపలేదు. పేపరు పట్టుకుని నిలబడ్డారు. మిలిటరీ విమానం ఒకటి ముందురోజు కొండల్లో కూలిపోయిందట... వాయుసేనలో చాలా పెద్ద అధికారి పోయారట.

"ఆయనతో పాటు మరి నలుగురు" అని చదివి, రెండు నిమిషాలు మౌనం అన్నారు.

నా పక్కన గ్రేస్. వాళ్ళ నాయన వాయుసేనలోనే మెకానిక్కు. సెలవులకొస్తే సైకిలు మీద నన్ను ముందు, దాన్ని వెనక కూర్చోబెట్టుకుని అంగళ్లు ఊరి దాకా తిప్పుకొచ్చేవాడు.

తల వంచుకునే నా చెవిలో గుసగుసగా అంది... "ఆ పెద్దసారు మా నాయనకి తెలిసే ఉంటాడు. పాపం, ఎంత ఏడుస్తాండాడో."

మూడో పీరియడ్లో రూతమ్మత్త వచ్చింది. గ్రేస్ వాళ్ళమ్మ... మిషన్ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ చీరతోనే, కాళ్ళకు చెప్పులైనా లేకుండా. ఆస్పత్రికి ట్రంకాల్ వచ్చిందట.

గుమ్మంలోనే కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "గ్రేసూ... మీ నాయన గూడా ఆ విమానంలోనే ఉండాడంటమ్మా. ఇంక రాడు తల్లీ."

గ్రేస్ ఏడవలేదు. వెనకే వచ్చిన హెడ్మాస్టరు గారి వైపు తిరిగింది.

"పొద్దున నిలబడింది మా నాయనకి గూడానా సార్? నాకు తెలీదే... నేను మాట్లాడతా నిలబడితినే."

ఆయన వెళ్ళి తానే గంట కొట్టారు.

బడంతా మళ్ళీ గ్రౌండులోకి వచ్చింది. "యేసురత్నం... మన గ్రేస్ నాయన" అన్నారు, అంతే. మండుటెండలో నిలబడ్డాం. ఒక్కరూ కదల్లేదు. గ్రేస్ పెదవులు బిగబట్టి నిలబడింది... రెండు నిమిషాలూ అయ్యాకే కూలబడి ఏడ్చింది.

నాలుగో రోజు పెట్టె వచ్చింది. తెచ్చినవాళ్ళు మూత తీయనివ్వలేదు. రూతమ్మత్త దాని మీద చెంప ఆనించుకుని కూర్చుంది, లేవమన్నా లేవలేదు. నెల తిరక్కుండానే తల్లీకూతుళ్ళు కుప్పంలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోయారు. రెండు ఉత్తరాలు వచ్చాయి... ఆ తర్వాత లేవు.

మొన్న ఫోన్లో మళ్ళీ అలాంటి వార్తే... విమానం ఇంకా మండుతుండగానే వీడియో వచ్చేసింది. ఏ ఇంట్లోనో ఒక పిల్ల, అమ్మ వచ్చి దగ్గరికి తీసుకుని చెప్పేలోపే, ఒంటరిగా అది చూసేసి ఉంటుంది కదా అనిపించి... చూడలేక ఆపేశాను.

మీ చిన్నప్పుడు అలాంటి కబురు మీకెవరు చెప్పారు... మిమ్మల్ని దగ్గరికి తీసుకుని చెప్పారా? రాయాలనిపిస్తే రాయండి.