రేడియో మూగబోయిన పూట

ఆయన్ని అందరూ రేడియో అనే పిలిచేవారు. సెలూన్ తలుపు తీసినప్పుడు మొదలైన మాట మళ్ళీ తాళం వేసేదాకా ఆగేది కాదు. గడ్డానికి నురగ దట్టంగా పట్టించి, నోరు తెరవడానికి వీల్లేని మనిషిని పట్టుకుని, "మరి మీరేమంటారు?" అని అడగడం ఆయనకు మహా సరదా. కుర్చీలోని మనిషి కళ్ళతోనే ఏదో ఒప్పుకునేవాడు. కాస్త కదిలితే, "కదలకండి, అయిపోయింది, ఒక్క నిమిషం" అనేవాడు రేడియో. ఆ ఒక్క నిమిషంలో ఇంకో కథ మొత్తం చెప్పేసేవాడు.

అలాంటి మనిషి ఆస్పత్రి వరండాలో గాజు తలుపుకి ముక్కు ఆనించి నిలబడ్డాడు. కోడలికి బీపీ పెరిగి, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి పాపను తీశారు. తల్లిని ఒక వార్డులో పడుకోబెట్టి, పిల్లను గాజుపెట్టెలో పెట్టారు.

"ఏడ్చింది కదా సిస్టరమ్మా, కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి కదా, ఇంకా ఆ పెట్టె ఎందుకు?" అని బయటికొచ్చిన పొడుగు నర్సును పట్టుకున్నాడు.

"అన్నీ ఉన్నాయి తాతగారూ. పని నేర్చుకోవడమే మిగిలింది" అంది ఆవిడ. "ఊపిరితిత్తుల్లో సన్నసన్నటి బుడగల్లాంటివి ఉంటాయి. గాలి బయటికి పోయాక అవి అతుక్కుపోకుండా లోపల పల్చటి పూత ఒకటి ఉండాలి. అది చివరి నెలల్లో గానీ సరిపడా తయారవ్వదు. మీ మనవరాలు తొందరపడి ముందే వచ్చేసింది. అందుకే ముక్కు దగ్గర గొట్టం పెట్టి గాలి అందిస్తున్నాం."

రేడియో గడ్డానికి నురగ పట్టిస్తున్నట్టు గాల్లో వేళ్ళు తిప్పాడు. "అంటే మా నురగ లాగానే. నీళ్ళలో సబ్బు చాలకపోతే బుడగ నిలవదు."

"ఇంచుమించు అంతే. పైగా చర్మం కింద కొవ్వు లేదు, ఒంట్లో వేడి నిలవదు. పాలు చప్పరించి, మింగి, మధ్యలో ఊపిరి తీసుకోవడం ఇంకా రాదు."

"మరి ఆ పక్కపెట్టెలో పహిల్వాన్‌కి ఏం తక్కువైందమ్మా? బుగ్గలు చూడు!"

"వేరేవాళ్ళ పిల్లల సంగతి నేను చెప్పను" అని నర్సు లోపలికి వెళ్ళిపోయింది.

నర్సు చెప్పకపోతే ఏం, పహిల్వాన్ తండ్రి బెంచీ మీదే ఉన్నాడు. రేడియో పక్కన కూర్చుంటే చాలు, ఎవరైనా సరే తమ కథ చెప్పేస్తారు. "వాళ్ళమ్మకి షుగరండీ. కడుపులో ఉన్నన్నాళ్ళూ తీపికి అలవాటు పడ్డాడట మావాడు. బయటికి రాగానే వీడి షుగర్ దభీమని పడిపోయింది. ఇప్పుడు నయమేనట."

"ఒకరికి ఒళ్ళు చాలక, ఒకరికి తీపి చాలక" అని నవ్వించాడు రేడియో. ఆ కుర్ర తండ్రి అక్కడికి వచ్చాక నవ్వడం అదే మొదటిసారి.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ మంచి కబురు చెప్పింది. పాపను మనిషి గుండెలకు, బట్ట అడ్డం లేకుండా, ఆనించి పడుకోబెట్టవచ్చట. ఆ వెచ్చదనానికి ఊపిరి కుదుటపడుతుందట. కోడలు జ్వరంతో ఇంకా లేవలేకపోతోంది గనక మర్నాడు పాప తండ్రి రావాలి.

రేడియో కొడుకు టైర్ల షాపులో పనిచేస్తాడు. మనిషి కొండలా ఉంటాడు, ఛాతీ నిండా దట్టంగా రోమాలు. "ఒరే, అంత చిన్న పిల్ల ఆ అడవిలో తప్పిపోతుందిరా" అని పొద్దున్నే వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు రేడియో. ఉత్సాహంలో మాటలు ఎక్కువై, ఛాతీ గొరిగేటప్పుడు రెండుచోట్ల కత్తి గీసుకుంది. చివర్లో ఎప్పటి అలవాటే, లోషన్ దోసిట్లో పోసి ఛాతీ మీద టపటపా కొట్టేశాడు.

ఆస్పత్రిలో నర్సు తలుపు దగ్గరే ముక్కు ఎగబీల్చింది. చొక్కా గుండీ తీయించి చూసింది. "ఈ పని ఎవరు చేశారు?"

కొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి పైకప్పు వైపు చూశాడు.

"రోమాలు పాపనేం చేస్తాయండీ? ఈ గాట్లూ, ఈ ఘాటు వాసనే పడవు. చర్మం మానాలి. ఇవాళ వీల్లేదు."

అంత పెద్ద మనిషికీ కళ్ళు నిండాయి. "రాత్రంతా ఎదురుచూశాను నాన్నా" అన్నాడు. రేడియో వాడి చొక్కా గుండీలు తానే పెట్టాడు. కొడుకే కళ్ళు తుడుచుకుని, "నువ్వు వెళ్ళు. పాపకి ఇవాళ ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాడు.

రేడియో ఛాతీ మీద ఏనాడూ కత్తి పడలేదు, లోషన్ పడలేదు. నర్సు మోచేతులదాకా మళ్ళీ మళ్ళీ కడిగించి, వాసన చూసి మరీ లోపలికి తీసుకెళ్ళింది.

"తెల్ల వెంట్రుకలు ఫరవాలేదా?"

"పాప రంగు చూసి పడుకోదు, కూర్చోండి."

వైర్లతో, గొట్టంతో సహా పిల్లను తెచ్చి గుండెల మీద పెట్టి, పైన దుప్పటి కప్పింది. తడి పిచ్చుకపిల్లంత బరువు. రేడియో చేతులు కదలడం మానేశాయి. ఇంతలో మిషన్ కీచుమంది. నర్సు తాపీగా పాప అరికాలు వేలితో రుద్దింది. చప్పుడు ఆగింది.

"నెలలు తక్కువ పిల్లలు అప్పుడప్పుడూ ఊపిరి తీసుకోవడం మర్చిపోతారు. గుర్తుచేయాలి. మెల్లగా ఏదైనా మాట్లాడండి తాతగారూ, మీ గొంతు వింటుంది."

మాట్లాడమని రేడియోని ఒకరు అడగడం జీవితంలో అదే మొదలు. ఒక్క మాట రాలేదు. ఎన్ని కథలు, ఎన్ని ఊసులు, ఒక్కటీ గుర్తుకు రాలేదు. అద్దం అవతల కొడుకు 'చెప్పు, చెప్పు' అని సైగలు చేస్తున్నాడు. పాప గుండెల మీద చిన్నగా కదిలింది. అప్పుడు నోటికి అలవాటైన మాట దానంతట అదే వచ్చింది.

"కదలకమ్మా. అయిపోయింది. ఒక్క నిమిషం."

పాప బుల్లి వేళ్ళు ఒక తెల్ల వెంట్రుకను పట్టుకున్నాయి. మిషన్ మళ్ళీ అరవలేదు.

గాట్లు మానాక కొడుకు వంతు వచ్చింది. అప్పటికి రోమాలు ముళ్ళలా మొలిచి ఉన్నాయి. నర్సు నవ్వాపుకుంటూ మధ్యలో మెత్తటి గుడ్డ పరిచింది. ఆ తర్వాత కోడలు నడుచుకుంటూ వచ్చి బిడ్డను గుండెలకు హత్తుకుంది. గొట్టం తీసేశారు. పాలు తాగడం వచ్చింది. పహిల్వాన్ ముందే ఇంటికెళ్ళిపోయాడు, వీళ్ళూ వెళ్ళారు.

ఇప్పుడు సెలూన్లో మధ్యాహ్నం వేళ ఒక గంట రేడియో పలకదు. కోడలు కునుకు తీస్తుంటే పాప తాత గుండెల మీద నిద్రపోతుంది. కుర్చీలో ఎవరైనా, "ఏం బాబాయ్, మనవరాలికి నీ నోరొచ్చిందా?" అని గట్టిగా అడిగితే, నోటిమీద వేలు పెట్టి చూపిస్తాడు.

"గొంతు వచ్చిందిలే. లేపావంటే నువ్వే వింటావు" అని గుసగుసగా అంటాడు.