మలుపు దగ్గర ఎత్తిన అద్దాలు

మా అమ్మ నోరు మూసుకునేది రెండే చోట్ల. ఒకటి దేవుడి ముందు, రెండోది మా కారులో. దేవుడి ముందు కనీసం పెదాలు కదిలేవి. కారులో అదీ ఉండేది కాదు.

అది నాయన వాడిన పాత అంబాసిడర్. నాయన పోయాక అమ్మేద్దామని నేనంటే, అమ్మే వద్దంది. ఆమె లెక్కలో అది అంబాసిడర్ కాదు, అంబారీ. వెనక సీటులో కాళ్లు పైకి పెట్టుకుని, తల వెనకద్దం వైపు వాల్చి కూర్చుంటే తప్ప ఆమెకు ఊరు కదిలినట్టుండదు. మోకాళ్ల నొప్పులకని నెలనెలా గోరంట్ల నుంచి హిందూపురం డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాళ్లం. నా భార్య నా పక్కన కూర్చునేది. నాకు గేరు మార్చడం కన్నా మాట మార్చడం బాగా వచ్చని ఆమె అభిప్రాయం. నిజమే కాబట్టి కారు మెల్లగా పోయేది.

మా వైపు అద్దాలు దించుకుని ప్రయాణం చేయలేం. ముందు ఒక లారీ పోయిందంటే చాలు, దిగేసరికి అందరం ఎర్రమట్టి బొమ్మలమే. అందుకని అద్దాలన్నీ ఎత్తేసి, నా పక్కనున్న మూడు మూలల చిన్నద్దం మాత్రం ఓరగా తెరిచేవాణ్ణి.

ఎవరి బోరు ఎండింది, ఎవరి శనక్కాయలు గింజ పట్టక పొట్లుపోయాయి అని ఇంటి దగ్గర మొదలైన అమ్మ మాటలు దారిలో ఉన్న గుట్ట దాకా సాగేవి. అక్కడ కారు రెండో గేరులో మూలుగుతూ ఎక్కేది. పైన పెద్ద మలుపు. మలుపు తిరిగేసరికి వెనక మాట ఆగిపోయేది. చూస్తే నోరు తెరుచుకుని నిద్ర.

"ఈ మలుపుకు దండం పెట్టాల" అంది నా భార్య ఒకసారి. స్టీరింగు మీద నుంచి ఒక చెయ్యి తీసి నేను నిజంగానే పెట్టాను. ఆ నిశ్శబ్దం మాకు అంత హాయిగా ఉండేది.

రాను రాను అందులో హాయి తగ్గింది. హిందూపురంలో దించేటప్పుడు అమ్మ మాట ముద్దగా వచ్చేది. తలనొప్పి అనేది, రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకునేది. డాక్టరు బీపీ చూసి, వయసు కదా అన్నాడు. నా భార్యకూ తల పోటెత్తేది గానీ, ఆమె దాన్ని నా డ్రైవింగు ఖాతాలో వేసింది. ఒకసారి ఆసుపత్రి ముందు ఆపి పిలిస్తే అమ్మ లేవలేదు. మొహం మీద నీళ్లు చల్లి, భుజాలు పట్టుకుని కుదిపాం. చాలాసేపటికి కళ్లు తెరిచి, మమ్మల్ని ఎవరో అన్నట్టు చూసింది.

"మీ నాయన యాడ?" అని అడిగింది.

నాయన లేడన్న సంగతి కాసేపటికి ఆమెకే గుర్తొచ్చింది.

తేరుకున్నాక కారణం ఆమే తేల్చేసింది. "ఆ మలుపు కాడ గాలి మంచిది కాదప్పా. నన్ను పట్టుకుంటాండాది."

"అందరూ పోయే దావే కదమ్మా."

"అందురూ నా మాదిరి ముసిలోళ్లా? ఈసారి ఆడ టెంకాయ కొట్టు. అద్దాలు సందు లేకుండా ఎత్తుకో. నువ్వు తోలాల గాబట్టి నీ చిన్నద్దం ఒకటి ఇడిసిపెడతాండా."

మలుపులో ఉన్న రాతికి టెంకాయ కొట్టాను. నమ్మకం ఉండి కాదు, లేదని అమ్మకు చెప్పే ధైర్యం లేక. ఆమె వెనక తలుపుల సందుల్లో పాత చీర పేలికలు కూడా కుక్కింది. ఆ నెల ఆమె మలుపు దాకా కూడా రాలేదు. గుట్ట కిందే నిద్రపోయింది.

ఇంతలో ఒక సాయంత్రం, దారి తప్పి వచ్చినట్టు, వాన పడింది. తెల్లారి చూస్తే వెనక సీటు తడిసి ముద్దయి ఉంది. వెనకద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు మా చేను మాదిరే నెర్రెలు విచ్చింది. వాన పడితే గానీ బయటపడని లోపం, వాన పడని ఊళ్లో ఎన్నాళ్ల నుంచి ఉందో.

హిందూపురం కార్ల మేస్త్రీ బెంగళూరులో పాత సామాన్లమ్మే గుజిరీలో వెతికి కొత్త రబ్బరు సంపాదించి ఇంటికే వచ్చాడు. బ్లేడుతో పాత రబ్బరు కోశాడు. అద్దాన్ని లోపలి నుంచి మెల్లగా తోసి, నేను పట్టుకున్న దుప్పట్లోకి దించాడు. "ఇది పగిల్తే ఇంగోటి దొరకదన్నా, కదలాకు" అన్నాడు. కదలకుండా ఉండటం నాకు వచ్చిన కొద్ది పనుల్లో ఒకటి.

అమ్మ మజ్జిగ కలపడానికి లోపలికి పోయింది. నా భార్య అద్దం కూర్చునే ఇనుప అంచును గుడ్డతో తుడుస్తూ ఆగిపోయింది.

"మన దుమ్ము ఎర్రగా కదా ఉంటాది" అంది. "ఇది చూడండి."

గుడ్డ నల్లగా ఉంది. వేళ్ల మధ్య నలిపి వాసన చూసింది. "మసి."

అద్దం కింది అంచు పొడవునా ఉంది. అక్కడి నుంచి చారలు చారలుగా లోపలికి, అమ్మ తల వాల్చే చోటికి దిగి ఉంది. మేస్త్రీ వంగి కారు కింద పొగ గొట్టం చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"పొగ యెనక సుడి తిరిగి ఈ సందులోంచి లోపలికి పోతాండాదక్కా. గుట్ట ఎక్కేటప్పుడు ఇంగా ఎక్కువ. అద్దాలన్నీ మూసి ముందర ఒక్కటే తెరిస్తే బాగా లాగతాది." తర్వాత మామూలుగానే అడిగాడు. "యెనక యెవురన్నా కూసుంటారా?"

మేమిద్దరం వంటింటి వైపు చూశాం. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని అమ్మ తనలో తానే గొణుక్కుంటోంది.

కొత్త రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, దాని గాడిలో తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాశాడు. బయటి నుంచి అతను అరచేత్తో అద్దాన్ని అదుముతుంటే, లోపలి నుంచి నేను తాడు కొంచెం కొంచెంగా లాగాలి. అమ్మ చోట మోకాళ్ల మీద కూర్చుని లాగాను. సీటుకు ఆమె తలనూనె వాసన, దాని కింద పొగ వాసన. ఇన్నాళ్లూ నేను ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు.

తాడు చివర ఊడివచ్చింది. రబ్బరు అంచు ఇనుము మీద బిగుసుకుంది. తలుపులు మూసి చూడమని మేస్త్రీ సైగ చేశాడు. మూశాను. అతనూ నా భార్యా బిందెలతో నీళ్లు పోశారు. చుక్క రాలేదు. నీళ్ల వెనక అమ్మ నిలబడి తిడుతోంది, ట్యాంకరు నీళ్లు పారబోస్తున్నందుకే అయి ఉండాలి. నోరు కదులుతోంది, మాట వినపడటం లేదు. గబగబా తలుపు తెరిచాను.

పొగ గొట్టం కూడా మార్పించాం. అమ్మకు ఏమీ చెప్పలేదు. నాయన కారు ఆమెను ఎక్కడికి తీసుకుపోతూ వచ్చిందో ఏ మాటల్లో చెప్పాలో మాకు తెలియలేదు.

మరుసటి నెల అద్దాలన్నీ దించేశాం. "దుమ్ము తినిపిస్తాండావే నాయనా" అని అమ్మ గుట్ట ఎక్కేదాకా సణుగుతూనే ఉంది. మలుపు తిరిగాం. వెనక మాట ఆగిపోయింది.

"అత్తా!" అంది నా భార్య. బ్రేకు వేశాను. మా దుమ్మే వెనక నుంచి వచ్చి మమ్మల్ని కప్పేసింది.

దుమ్ము అణిగేసరికి అమ్మ కిటికీ మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు తెరుచుకుని బయటికి చూస్తోంది. రోడ్డుకు అవతల, తుమ్మచెట్ల మధ్య, పడిపోతున్న రాతి మంటపం ఒకటి ఉంది.

"ఇది యెప్పుడు కట్టినారప్పా?"

"చానా పాతదమ్మా. ఎప్పటి నుంచో ఉండాది."

"మరి ఇన్నితూర్లు వస్తి కదా. నా కంటికి ఎట్ల కనపడలే?"

నా భార్య రోడ్డు వైపు తిరిగిపోయింది. నేను గేరు మార్చాను. మాట మార్చడానికి ఎంత వెతికినా ఒక్క మాటా దొరకలేదు. అమ్మ మంటపం కనుమరుగయ్యేదాకా వెనకద్దంలోంచి చూస్తూనే ఉంది. తర్వాత మళ్లీ, ఇంకా మెల్లగా, అదే అడిగింది.