మణుగూరు బస్సులో చెరిగిపోయిన పాట

గొంతులో గడ్డ తీసేశాక మా కరుణక్కకు మాట పోయింది. మణుగూరు కాలనీ చర్చిలో ఏళ్ల తరబడి పాట ఎత్తుకున్న మనిషి ఇప్పుడు సైగలతో నెట్టుకొస్తోంది. ఆదివారం ఆమెకు సన్మానం చేస్తామని, ఆమె సొంతంగా కట్టిన పాటను తెర మీద వేద్దామని చర్చివాళ్లు అన్నారు. ఆ పాట వీడియోలు నా మెమరీ కార్డులోనే ఉన్నాయి. ఎడిటింగ్‌లో నాకు ఓనమాలు కూడా రావు. మణుగూరులో ఫొటో స్టూడియో నడిపే జమీల్ అన్న నేర్పుతానంటే, శుక్రవారం సెలవు పెట్టి ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని బయల్దేరాను.

ఖమ్మంలో ఉదయం ఆరున్నరకు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టు ఉచితం. కొత్తగూడెంలో టీ తాగే వ్యవధి దొరుకుతుంది కానీ, మొత్తానికి నాలుగు గంటలు చేతిలో పెట్టుకోండి. పాల్వంచ దాటాక చూడాలి: రోడ్డు పక్కన టేకు చెట్లు, మధ్యమధ్య బొగ్గు లారీలు. బ్లాగు కోసం తీద్దామంటే ఫోను నిండిపోయిందంది. అక్క వీడియోలను ముందురోజే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగాను కదా, అక్కడ వరసగా కనబడ్డాయి కదా అనుకుని, ఫోనులో వేసుకున్న ఆ కార్డును బస్సులోనే ఖాళీ చేసేశాను. ఇక దారంతా అడవే తీశాను. పక్కన కూర్చున్నావిడ, చెట్లు ఎప్పుడూ చూడలేదా అని అడిగింది కూడా.

స్టూడియోలో జమీల్ అన్న తను చేస్తున్న పెళ్లి వీడియో ఆపి నాకు కుర్చీ వేశాడు. ల్యాప్‌టాప్ తెరిస్తే పాట ఉండాల్సిన చోట ఎర్రటి పట్టీలు, ఫైలు దొరకడం లేదన్న మాట.

“సాఫ్ట్‌వేర్ వీడియోను దాచుకోదు చెల్లె. అది యాడున్నదో గుర్తు పెట్టుకుంటది, గంతే. కార్డు ఖాళీ చేసినవా ఏంది?”

కార్డు అతని చేతిలో పెట్టాను. పోయినవి తిరిగి తెచ్చే ప్రోగ్రామ్ పెట్టి చాలాసేపు ప్రయత్నించాడు. కార్డులో పాట ఉన్న చోటే నా అడవి రికార్డయి కూర్చుంది. కదలని బొమ్మలు రెండు మాత్రం వచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు. అన్నం డబ్బా పట్టుకుని అక్క వచ్చింది అప్పుడే. విషయం విని తన ఫోనులో ఒకామె ఫొటో వెతికి చూపించి, చెవి మీద వేలితో తట్టింది. ఆమె ముత్తక్క అని జమీల్ అన్న చెప్పాడు. అక్క శనివారాలు పాటలు నేర్పిన గూడెం ఆమెది.

అక్కా నేనూ ఆ గూడేనికి బయల్దేరాం. రానూ పోనూ ఆటో కిరాయి ఐదు వందలు. కంకర రోడ్డు, నడుము పట్టేస్తుంది. ముత్తక్క పత్తి చేనులో ఉంటే కూతురు కేకేసి పిలిచింది. ఇద్దరూ కోయ భాషలో ఏదో మాట్లాడుకున్నాక ముత్తక్క ఫోను తెచ్చింది.

“పాట మర్చిపోతమని రికార్డు పెట్టుకున్న. బొమ్మ లేదు, గొంతే ఉన్నది.”

రికార్డులో అదే పాట. అక్క ఒక పాదం పాడుతుంది, గూడెం ఆడవాళ్లు తిరిగి పాడతారు. తప్పు పోతే పాట ఆపేసి, “గట్ల కాదు, మళ్లీ” అంటుంది. అక్క గుమ్మం పట్టుకుని నిలబడి తన గొంతు తనే వింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం స్టూడియోలో అసలు పాఠం మొదలైంది. బొమ్మకు ఒక వరస, శబ్దానికి ఒక వరస వేరువేరుగా ఉంటాయి, దేన్నైనా ఎక్కడైనా కత్తిరించుకోవచ్చు. కింద ముత్తక్క రికార్డు పెట్టి, పైన బస్సులో తీసిన అడవిని పరిచాను. ఎంత తిట్టుకున్నానో ఆ అడవినే వాడుకోవాల్సి వచ్చింది. ఇక మధ్యలో అక్క మందలింపులు తీసేస్తే పాట సాఫీగా సాగుతుందని కత్తిరించబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని మౌస్ మీంచి తీసేసింది. జనం నవ్వుతారన్నాను. వినలేదు.

“ఉండనీ చెల్లె,” అన్నాడు జమీల్ అన్న. “పాటంటే ఎవలన్న పాడుతరు. గా మాట ఇంకెవలంటరు?”

ఎడిటింగ్ మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఒక్కటే: ప్రాజెక్టు ఫైలునూ అసలు వీడియోలనూ ఒకే ఫోల్డరులో పెట్టి, ఇంకో కాపీ వేరేచోట దాచే వరకు కార్డు జోలికి పోకండి. నాకు బుద్ధి చెప్పిన ప్రయాణమే అయినా, మళ్లీ వెళ్లమంటే వెళ్తాను. ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. ముత్తక్క వాళ్లు వెనక బెంచీలో కూర్చున్నారు. తెర మీద టేకు చెట్లు వెనక్కి పోతుంటే అక్క గొంతు వినబడింది, అందరూ తల వంచుకున్నారు. ఉన్నట్టుండి స్పీకరులోంచి “గట్ల కాదు, మళ్లీ” అని వచ్చింది. ఎవరూ నవ్వలేదు. గూడెం ఆడవాళ్లు అలవాటు కొద్దీ ఆ పాదం మొదటి నుంచి ఎత్తుకున్నారు. వీడియో అయిపోయినా వాళ్లు ఆపలేదు. చివరి దాకా పాడి అక్క వైపు చూశారు. అక్క చేత్తో తాళం వేయడం ఆపి, తల అడ్డంగా ఊపింది. వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు.