ఉల్లిగడ్డల మీది పట్ట ఎగిరిన సాయంత్రం

విమానం రెక్క పైన గాలి జోరుగా పోతుందనీ, అక్కడ ఒత్తిడి తగ్గితే కింది గాలి రెక్కను పైకి తోస్తుందనీ మొన్న ఫోన్లో చెప్పారు కదా పిల్లలూ. సరే అన్నాను గానీ, నమ్మలేదు. గాలికి అంత బలం ఎక్కడిది అనుకున్నాను. ఇప్పుడు నమ్ముతున్నాను. మీ తాత కూడా నమ్ముతాడు, ఆయన కాస్త ఎగిరాడు కాబట్టి.

కోసిన ఉల్లిగడ్డలన్నీ చేని గట్టున కుప్ప పోసి ఉన్నాయి. పొద్దున లారీకెత్తి కర్నూలు మార్కెట్టుకు పంపాలి. తడిస్తే కుళ్లిపోతాయి. సాయంత్రానికి పడమట నల్లగా కమ్ముకొచ్చింది. నేనూ మీ తాతా కుప్ప మీద టార్పాలిన్ పట్ట కప్పి, చుట్టూ అంచుల మీద రాళ్లు పెట్టాం.

గాలి మొదలైంది. అంత గాలికి పట్ట కుప్పకు అతుక్కుంటుందనుకున్నాను. అది నడినెత్తిన పూరీలా పొంగింది. రాళ్లు దొర్లిపోయాయి. మీ తాత ఒక మూల పట్టుకుని వేలాడాడు. చెప్పులు నేల మీదే ఉన్నాయి, కాళ్లు లేవు.

“ఇడ్సిపెట్టు సామీ, నువ్వు గూడా పోతాండావు,” అన్నాను.

“ఇడ్సితే గడ్డలు తడుస్తాయి గదే.”

పక్క చేనామె పరుగెత్తుకొచ్చింది. “ఏమక్కా, ముందు దేన్ని పట్టుకునేది? పట్టనా, మీ ఆయన్నా?”

“పట్టను పట్టుకో మే. ఆయప్ప బరువుండాడు, ఆయప్పే పడతాడు.”

పడ్డాడు. పట్ట వేపచెట్టంత ఎత్తు లేచింది. అయితే దిగేటప్పుడు రాయిలా పడలేదు. వెడల్పుగా పరుచుకుని, కింద గాలి అడ్డుపడుతుంటే అటూ ఇటూ ఊగుతూ తీరిగ్గా దిగింది. అంతలో ముగ్గురం కిందికి చేరి అంచులు అందుకున్నాం.

అప్పుడు మీ మాట గుర్తొచ్చింది. కుప్ప వంపు మీద గాలి జోరు, కింద తోపు. లేచేది నడినెత్తి అయితే, అంచుల్లో రాళ్లు ఏం చేస్తాయి?

“నెత్తి మీంద తాళ్లు ఎయ్యండి,” అన్నాను.

పట్ట మళ్లీ కప్పి, కుప్ప మీదుగా అడ్డంగా తాళ్లు లాగి, రెండు పక్కలా పాతిన గుంజలకు బిగించాం. మళ్లీ గాలి కొట్టింది. పట్ట దడదడలాడింది గానీ లేవలేదు. అప్పుడు కురిసింది వాన. మేము ముగ్గురం తడుస్తూ నవ్వుతూ అక్కడే నిలబడ్డాం.

పొద్దున పట్ట తీస్తే గడ్డలు పొడిగా గలగలమన్నాయి. మీ తాత చెప్పులు మాత్రం వదిలిన చోటే ఉన్నాయి, నిండా నీళ్లతో.