చేత్తో పట్టని బ్రేకు

పెంచల్‌కి సైకిళ్ళ పిచ్చి. ఆ మాట అన్నది ఊళ్ళో వాళ్ళు కాదు, కట్టుకున్న వనజాక్షే. పోర్టులో కూలికి పోయే మగవాళ్ళు సాయంత్రం ఇంటికొస్తూ కూరగాయలు తెస్తారు, పిల్లలుంటే మిఠాయి తెస్తారు. ఈయన ముందు చక్రం లేని సైకిలు భుజాన వేసుకుని వచ్చేవాడు. కృష్ణపట్నం పాత సామాన్ల కొట్లలో ఒక సైకిలు తుక్కు కింద పోతూ కంటబడిందంటే ఇక ఆయన కాళ్ళు అక్కణ్ణించి కదలవు. అలా చేరి చేరి మంచం కిందికీ, వంటింటి గోడ మీదికీ, ఆఖరికి దూలాలకీ సైకిళ్ళు వచ్చేశాయి. ఆ ఇంటికొచ్చే చుట్టాలు తల వంచుకుని లోపలికి నడిచేది మర్యాద కోసం కాదు, నెత్తికి పెడలు తగులుతుందని.

అన్నిటిలోకీ ఆయన ప్రాణం బీఎంఎక్స్ క్రూజర్ మీద. కుర్రాళ్ళు గంతులేయించే బీఎంఎక్స్ సైకిలుకి ఇది పెద్దన్న. చక్రాలు పెద్దవి, నడుమ గొట్టం బాగా కిందికి ఉంటుంది, హ్యాండిలు ఎద్దుకొమ్ముల్లా విశాలంగా పైకి లేచి ఉంటుంది. కరెంటు ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చిన విదేశీ ఇంజనీరెవరో వదిలేసి పోయాడట. పెంచల్ చేతికొచ్చేసరికి ఫ్రేమూ హ్యాండిలూ ముందు చక్రమూ మాత్రమే మిగిలాయి. తళతళలాడే ఆ ఫ్రేముకి ఉప్పుగాలి సోకకుండా ఆదివారం ఆదివారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాడు. ఎప్పటికైనా దాన్ని నిలబెట్టి కడలి ఒడ్డున గట్టి ఇసుక మీద తొక్కాలని ఆయన ఆశ.

వనజాక్షి చేపలమ్మేది. వాళ్ళ పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఆడమనిషి ఏ ఊళ్ళకి చేపలు తీసుకుపోవాలో పెద్దలు తేల్చి పెడతారు, ఒకరి ఊళ్ళో ఇంకొకరు బుట్ట దించకూడదు. ఆ ఊళ్ళు అత్త నుంచి కోడలికి వస్తాయి. అమ్మకంలోకి మగవాడు అడుగు పెట్టకూడదు, పెళ్ళాం వెంట సాయం పోయినా తప్పే. వనజాక్షికి కాలువ అవతల నాలుగు ఊళ్ళున్నాయి. మిగతా ఆడవాళ్ళు ఆటోల్లో పోతుంటే ఆమె ఒక్కతే సైకిలు నేర్చుకుని, వెనక టబ్బు కట్టుకుని, ఎవరికోసమూ ఎదురుచూడకుండా పోయేది. ఆ సంగతి ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది.

వేసవిలో జెల్ల చేప ముల్లు ఆమె కుడి అరచేతిలో దిగబడింది. పసుపు అద్ది ఊరుకుంది. చెయ్యి గుమ్మడికాయంత వాచాక నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే చెయ్యి దక్కింది గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. హ్యాండిలు మీద చెయ్యి ఆనించగలదు, బ్రేకు నొక్కలేదు. ఎడమ చేత్తో నొక్కి చూసింది. కుడిచెయ్యి హ్యాండిలుని గట్టిగా పట్టలేక సైకిలు అడ్డం తిరిగి కాలువగట్టు కింద పడేసింది.

ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ నాలుగు ఊళ్ళకీ రోజారమణి పోయింది. మొగుడు పోయిన మనిషి, చేతిలో మోపెడ్ ఉంది, ఊళ్ళు మాత్రం లేవు. ఆమెనూ తప్పు పట్టడానికి లేదు. చివరికి పాలెం పెద్ద, పెద్దకాపు గంగులయ్య ఇద్దరినీ పిలిచి మాట తేల్చేశాడు.

"అమావాస్య దాకా చూస్తాం. ఆ లోపల వనజాక్షి తనంతట తాను పోయి అమ్ముకొనొస్తే ఊళ్ళు ఆమెవి. లేదంటే రోజారమణివి. మళ్ళీ నా కాడికి రావద్దు."

వనజాక్షి ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడిస్తే పెంచల్‌కి కాస్త నయంగా ఉండేది. ఆమె ఏడవలేదు.

"ఇన్ని సైకిళ్ళుండాయి గదయ్యా" అంది. "చెయ్యి లేని మనిషి తొక్కేది ఒక్కటన్నా ఉండాదా?"

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. పెంచల్ లేచి, దూలాల మీదివి దించాడు, గోడలవి పీకాడు, ఇల్లంతా ఇనప సంత అయింది. ఏ బ్రేకు చూసినా చేత్తో నొక్కేదే. విసుగెత్తి మంచం కిందున్న పాత విదేశీ లేడీస్ సైకిలుని బయటికి లాగాడు. దాని వెనక చక్రం పట్టేసిందని ఏళ్ళ కిందటే అక్కడికి తోసేశాడు. కోపంతో పెడలుని వెనక్కి ఒక్క తన్ను తన్నాడు. దొర్లుతూ వచ్చిన చక్రం అక్కడికక్కడే ఆగిపోయింది. ముందుకి తిప్పితే తిరుగుతోంది, వెనక్కి తొక్కితే ఆగుతోంది. పెంచల్ మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తొక్కాడు. అది పట్టేయడం కాదు. దాని బ్రేకే ఇరుసులో ఉంది, కాళ్ళతో పట్టే బ్రేకు. ఇంత కాలం మంచిదాన్ని చెడిపోయిందనుకుని దాని మీద పడుకున్నందుకు తన నెత్తిన తానే మొట్టుకున్నాడు.

కానీ లేడీస్ సైకిలు ఫ్రేము ఉప్పుగాలికి తుప్పు పట్టి అప్పడంలా ఉంది. టబ్బు బరువుకి నడి రోడ్డు మీద విరుగుతుంది. ఆ చక్రం సరిగ్గా కూర్చునే గట్టి ఫ్రేము ఇంట్లో ఒక్కటే, ఆ క్రూజర్‌ది. వెడల్పు హ్యాండిలు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, నడుమ గొట్టం కిందికి ఉంది కాబట్టి చీర అడ్డం రాదు, కాలు ఇట్టే నేలకి ఆనుతుంది. అన్నీ కుదిరాయి, మనసొక్కటే కుదరలేదు. టబ్బు నిలవాలంటే క్యారియరు కావాలి, క్యారియరు నిలవాలంటే ఆ తళతళలాడే గొట్టానికి బెజ్జాలు వేయాలి. వెల్డింగు షాపులో డ్రిల్లు తిరుగుతుంటే పెంచల్ బయటికొచ్చి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇరుసు పక్కనుండే ఇనప పట్టీని ఫ్రేముకి బోల్టుతో బిగించాడు. అది వదులైతే బ్రేకు ఉన్నా లేనట్టే. సీటూ పెడళ్ళూ మిగతా సైకిళ్ళవి తెచ్చి వేశాడు. ఇక చైను. మామూలు సైకిలుకి చైను ఊడితే దిగి ఎక్కించుకుంటాం. దీనికి చైను తెగితే బ్రేకే పోతుంది. ఇంట్లో చైనులన్నీ వంచి చూస్తే ప్రతిదాంట్లోనూ తుప్పే. చివరికి తాను డ్యూటీకి పోయే సైకిలుదే విప్పి దీనికి వేశాడు. అయినా నమ్మకం చాలక, ఎడమ చేతికి ఒక బ్రేకు కూడా తగిలించాడు.

టబ్బులో నీళ్ళు నింపి ఊరి బయట తొక్కించి చూశారు. వనజాక్షికి ఇరవై ఏళ్ళ అలవాటు ఒకటుంది. వీధిలోకి వస్తూ పెడళ్ళని వెనక్కి తిప్పేది. టికటికమని చప్పుడొస్తే ఆడోళ్ళు గిన్నెలతో బయటికొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆదమరిచి వెనక్కి తిప్పిన ప్రతిసారీ సైకిలు ఠక్కున ఆగి, నీళ్ళన్నీ ఆమె వీపు మీద పడ్డాయి. ఇక ఆపాలనుకున్నప్పుడల్లా ఎడమచెయ్యి బ్రేకు మీదికి పోయేది, సైకిలు అడ్డం తిరిగేది. చీర తడిసి ముద్దయి, మోచెయ్యి గీరుకుపోయి, ఆమె సైకిలు దిగింది.

"ఆ చేతి బ్రేకు తీసెయ్" అంది.

"పిచ్చా నీకు? చైను తెగితే ఏంది గతి?"

"అది ఉన్నంత కాలం చెయ్యి దాని మీదికే పోతాది. కాలికి బుద్ధి రాదు. తీసెయ్."

పెంచల్‌కి ఒళ్ళు మండింది. కానీ తొక్కేది ఆమె, ఆయన కాదు. పానా తీసి ఆ బ్రేకు విప్పేశాడు.

అమావాస్య ముందు రోజు పొద్దున ఆమె టబ్బు నిండా చేపలూ ఐసూ పోసుకుని బయలుదేరింది. పెంచల్ వెనకే నడిచాడు. కాలువ వంతెన మిట్ట మీదికి ఆమె సైకిలు నెట్టుకుంటూ ఎక్కింది. అక్కడితో ఆయన హద్దు అయిపోయింది. అవతలంతా ఆమె ఊళ్ళు, ఒక్క అడుగేసినా కట్టుబాటు తప్పినట్టే. కింద, వాలు దిగిన చోట, రోజారమణి మోపెడ్ ఆపుకుని నిలబడి ఉంది. ఆమె టబ్బు కూడా నిండుగానే ఉంది. వనజాక్షి దిగలేకపోతే ఆ ఊళ్ళు ఇక తనవే, అది చూసుకోవడానికే వచ్చింది.

"పొయ్యొస్తా" అంది వనజాక్షి.

సైకిలు వాలులో పడింది. మొదట నిదానంగానే పోయింది. తర్వాత టబ్బు బరువు తోసుకొచ్చి జోరందుకుంది. సగం దిగిందో లేదో, రొయ్యల గుంటల దారిలోంచి మేత లారీ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలిచింది. పెంచల్ పై ప్రాణాలు పైనే పోయాయి. వనజాక్షి ఎడమచెయ్యి హ్యాండిలు మీద బ్రేకు కోసం తడుముకోవడం ఆయనకి అంత దూరం నుంచీ కనిపించింది. అక్కడ బ్రేకు లేదు. తన చేతులతో తానే విప్పేశాడు. వేళ్ళు గాలిని పట్టుకుని మూసుకున్నాయి. సైకిలు లారీ మీదికి పోతూనే ఉంది. చైను నిలవాలి, పట్టీ నిలవాలి, ఆమె కాళ్ళకి గుర్తు రావాలి. పరిగెత్తబోయి వంతెన చివర ఆగిపోయాడు.

ఆమె కాళ్ళు వెనక్కి తొక్కాయి. వెనక చక్రం కీచుమంటూ రోడ్డు మీద నల్లగా గీత గీసింది. టబ్బు ఒక పక్కకి ఒరిగి, తాడు పట్టి ఆగింది. లారీకి జానెడు దూరంలో సైకిలు నిలిచింది, వనజాక్షి కాలు నేల మీద ఉంది. డ్రైవరు ఏమీ ఎరగనట్టే బండి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా తొక్కుకుంటూ మలుపు తిరిగింది.

పెంచల్ వంతెన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంతలో మోపెడ్ చప్పుడు. రోజారమణి మిట్ట ఎక్కి వచ్చి ఆయన పక్కన ఆపింది. టబ్బులో చేపలు అట్టాగే ఉన్నాయి. ఐసు కరిగి నీళ్ళు రోడ్డు మీదికి కారుతున్నాయి.

"బ్రేకు యాడుండాది అన్నా? వదిన చేతికి ఏమీ తగల్లేదే."

"కాళ్ళల్లో" అన్నాడు.

ఆమె తన మోపెడ్ హ్యాండిలు మీది బ్రేకు వైపు చూసుకుంది. తర్వాత, "వదినకి చెప్పు" అంది. "రెండో ఊళ్ళో పేరమ్మని ఒక ముసలామె ఉండాది. మొన్ననే కళ్ళకి ఆపరేషన్ అయినాది. ముళ్ళు తీసి ఇస్తేనే తింటాది. మర్చిపోవద్దని చెప్పు."

మోపెడ్ తిప్పుకుని నిండు టబ్బుతో పాలెం వైపు వెళ్ళిపోయింది. ఆ పేరమ్మ ఎవరో పెంచల్‌కి తెలీదు, తెలియాల్సిన పనీ మగవాడికి లేదు. అయినా ఎక్కడ మర్చిపోతానో అని, వనజాక్షి తిరిగొచ్చేదాకా వంతెన మీదే కూర్చుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉన్నాడు.