రాయి మీద నా పేరు

మొన్న మా వీధి చివర ఒక పాత ప్రహరీ గోడకు వెల్ల వేస్తున్నారు. ఈ రోజుల్లో సున్నం ఎవరు వాడుతున్నారా అని దగ్గరికి వెళ్ళాను. సగానికి కోసిన డ్రమ్ములో సున్నపు గడ్డలు కుతకుతలాడుతున్నాయి. వేడిగా, ఘాటుగా ముక్కులోకి ఎక్కే ఆ వాసనకు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చాలామందికి అది పండుగకు ముందు ఇల్లు బాగుచేసుకునే వాసన. నాకు మాత్రం అది డెబ్బైల చివర, వరంగల్‌లో, ఈస్టరుకు ముందు వచ్చే శనివారం వాసన.

నేను వరంగల్‌లో పుట్టలేదు. ఏటూరునాగారం అవతల, అడవిలో పదిళ్ళ పల్లె మాది. నాన్న నాకు గుర్తు లేడు. మా వైపు తల్లిని అవ్వ అంటారు. అవ్వ, నేను, ఇంకా పాలు మరవని తమ్ముడు. ఎండాకాలం పొద్దున్నే ఇప్పచెట్ల కింద రాలిన పూలు గంపలోకి ఏరడం, ఆ తీపి వాసన చేతులకు రోజంతా అంటుకుని ఉండడం, అవ్వ తునికాకు కట్టలు కడుతుంటే నేను తమ్ముణ్ణి చంకనేసుకుని తిప్పడం, అంతే నాకు మిగిలింది. నాకు ఏడేళ్ళప్పుడు వానాకాలం జ్వరాలు వచ్చాయి. ఒకరోజు అవ్వ లేవలేదు, మరునాడు తమ్ముడు లేవలేదు. పడుకున్నారనుకుని నేను పక్కనే కూర్చున్నాను. పక్క ఊరి వాళ్ళు వచ్చి ఎత్తుకునేసరికి నా ఒళ్ళు కూడా కాలిపోతోందట. జీపులో ములుగుకు, అక్కణ్ణుంచి వరంగల్ దవాఖానకు తెచ్చారు.

జ్వరం తగ్గాక నా కోసం ఎవరూ రాలేదు. ఆ దవాఖానలో ఆయాగా పనిచేసే రత్నమ్మ నన్ను కొత్తవాడలోని తన ఇంటికి తీసుకుపోయింది. ఆమె భర్త ఆనందం జంపఖానాలు నేసేవాడు. ముందు గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఆయన నేస్తుంటే ఇల్లంతా టకటకలాడేది. వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే చప్పుడు. పెరళ్ళలో ఉడికే రంగుల ఆవిరి, తీగల మీద ఆరేసిన ఎర్రటి, నీలపు నూలు, కాలువలో రోజుకో రంగులో పారే నీళ్ళు. ఇంటికి వచ్చిన మొదటిరోజే రత్నమ్మ ట్రంకుపెట్టె తెరిచి, కలరా ఉండల వాసన వేసే గౌన్లు తీసి నాకు తొడిగింది. కొలత తీసి కుట్టినట్టు సరిపోయాయి. ఎవరివని నేను అడగలేదు. నన్ను కరుణా అని పిలిచింది. గౌన్లతోపాటు పేరూ ఈ ఇంటిదే కాబోలు అనుకున్నాను.

"నీకు బెల్లమన్నం ఇష్టం కదా" అని వండి పెట్టేది. నాకు ఇష్టం లేదు, అయినా తినేదాన్ని. రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టేది. సాయంత్రం జంపఖానా పరుచుకుని ప్రార్థనకు కూర్చుంటే, "నా బిడ్డను నాకు మల్ల ఇచ్చినవు ప్రభువా" అని కళ్ళు మూసుకుని ఏడ్చేది. ఆనందం మాత్రం తల వంచుకుని ఊరుకునేవాడు. క్రిస్మస్‌కు వెదురు పుల్లలతో నక్షత్రం కట్టాం, సకినాలు చుట్టాం, కొత్త బట్టలు వేసుకుని గుడికి పోయాం. అంతమందిలోనూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు. వాకిట్లో ఆడపిల్లలు కచ్చకాయలాడుతూ పిలిచినా పోయేదాన్ని కాదు. నాకు ఇంట్లో పని ఉండేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి రత్నమ్మ మధ్యాహ్నం పడుకునేది. నేను పక్కన కూర్చుని ఆమె కడుపు పైకి లేస్తోందా లేదా అని చూసేదాన్ని. లేచేదాకా చూస్తూనే ఉండేదాన్ని. మెలకువ వచ్చి నా చూపు చూసి ఆమె జడుసుకునేది. "గట్ల సూడకు బిడ్డా" అనేది. ఎందుకో నేను చెప్పలేదు.

ఈస్టరు ముందు శనివారం అందరం సమాధుల తోటకు పోయాం. మా సంఘంలో ఆ రోజు తమవాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, మరునాడు పొద్దు పొడవకముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒక చిన్న సమాధికి రత్నమ్మ సున్నం పూస్తోంది. ఆనందం నీలిరంగు డబ్బాలో పుల్ల ముంచి రాతిమీది అక్షరాలు దిద్దుతున్నాడు. ఆ ఏడే నాకు చదవడం వచ్చింది. బడిలో మొదట నేర్పింది నా పేరు రాయడమే. క, రు, ణ.

ఆ సమాధి సరిగ్గా నా అంత ఉంది.

ఎటు పరుగెత్తానో గుర్తు లేదు. ఆనందం వెతుక్కుంటూ ఇంటికి వచ్చేసరికి మగ్గం గుంటలో ముడుచుకుని ఉన్నానట. ఆయన దిగలేదు. గుంట అంచున కూర్చున్నాడు.

"ఎందుకు ఉరికినవ్ బిడ్డా?"

"నన్ను గా సమాధిల పెడ్తరా?"

ఆయన చేతికంటిన నీలిరంగు పంచెకు తుడుచుకున్నాడు. "అండ్ల ఉన్నది మా బిడ్డ. నువ్వు కాదు. రెండేండ్లయింది."

"మరి నా పేరు ఎందుకున్నది?"

గడపలో రత్నమ్మ నిలబడి ఉంది. మోచేతుల దాకా సున్నం. మా మాటలు విన్నది. వచ్చి నేలమీద కూర్చుంది.

"మీ అవ్వ నిన్ను ఏమని పిలుస్తుండె?"

"సమ్మక్క."

ఆ పేరు పలికి ఎన్ని నెలలైందో, నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. తరవాత అన్నీ చెప్పాను. అవ్వ లేవకపోవడం, తమ్ముడు చల్లబడటం, నేను చూస్తూ కూర్చోవడం. మధ్యాహ్నాలు ఎందుకు చూసేదాన్నో కూడా చెప్పాను. రత్నమ్మ నన్ను ముట్టుకోలేదు, సున్నం చేతులని కాబోలు. "మా కరుణ సుత జరంతోనే పోయింది. దవాఖానల ఉండి సుత నేను ఆపలేకపోయిన," అంది.

మరునాడు రత్నమ్మ కరుణ సమాధి మీద ఒక కొవ్వొత్తి పెట్టి, పక్కన ఉత్త మట్టిలో ఇంకో రెండు గుచ్చింది. "గివి మీ అవ్వకు, తమ్మునికి. నువ్వే ముట్టియ్యి." చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూశారు. ఆ రోజే నేను ఆమెను మొదటిసారి అమ్మా అన్నాను.

కొన్ని నెలలకు నాకు బాప్తిస్మం ఇవ్వాలన్నారు. మేడారం దేవత పేరుతో ఎట్లా అని సంఘపెద్ద ఒకాయన అడ్డం చెప్పాడు. అమ్మ గొంతు పెంచలేదు.

"ఆ పేరు పెట్టినామె సచ్చిపోయింది అయ్యగారూ. ఆమె ఇచ్చింది గదొక్కటే మిగిలింది. అది సుత నేనే గుంజుకోవాల్నా?"

పాస్టరుగారు ముసలాయన. గిన్నెలో చెయ్యి ముంచి, సమ్మక్కా అని పిలిచారు.

దాంతో అన్నీ చక్కబడలేదు. బడి రిజిస్టరులో కరుణగానే ఉండిపోయాను. మధ్యాహ్నాల కాపలా ఇంకో రెండేళ్ళు సాగింది. అయితే అమ్మ ఇక జడుసుకోలేదు. పడుకునే ముందు నా చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుని, "ఇగ సూస్కో," అనేది. బెల్లమన్నం మానేసింది. ఒక రోజు ఎక్కడ దొరికాయో, గుప్పెడు ఎండు ఇప్పపూలు కొంగున కట్టుకుని తెచ్చింది.

ఇప్పుడు అమ్మ లేదు, ఆనందం బాపూ లేడు. కొత్తవాడలో మా ఇల్లున్నచోట మూడంతస్తుల మేడ లేచింది. ఆ వీధిలో నిలబడితే స్కూటర్ల మోత తప్ప మగ్గం చప్పుడు లేదు. కాలువ మీద సిమెంటు పలకలు పరిచారు.

పోయిన ఏడు బస్సెక్కి ఏటూరునాగారం దాకా, అక్కణ్ణుంచి జీపులో మా పల్లెకు పోయాను. ఇళ్ళు మారిపోయాయి. దారి కూడా నేననుకున్న వైపు లేదు. ఒక ముసలామె వాకిట్లో పప్పు చెరుగుతోంది.

"ఎవల బిడ్డవు?" అంది.

నోరు తెరిచాను. అవ్వకు ఒక పేరు ఉండేదని, అది నాకు తెలియదని అప్పుడు తట్టింది.

"వరంగల్ రత్నమ్మ బిడ్డను," అన్నాను.

"ఆ పేరుతోని ఈడ ఎవలు లేరు బిడ్డా," అని ఆమె మళ్ళీ చేట అందుకుంది.