గోడకు ఏసీ ఎక్కిన వేసవి

మా ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఎవరికీ ఏమీ కాకుండా చూడడమే ఆయన ఉద్యోగం. ఏమీ జరగని రోజున ఆయన ఒళ్ళు వంచి పనిచేశాడని అర్థం. ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే చెప్తే నవ్వాను. పెళ్లయ్యాక ఒకరోజు నేను స్టూలెక్కి బూజు దులుపుతుంటే వచ్చి స్టూలు పట్టుకుని, "స్టూలు కాలు ఒకటి నేలకి ఆనలేదు, ముందు దిగు" అన్నాడు. అప్పటి నుంచి నవ్వడం తగ్గింది.

మేం ఇస్నాపూర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉంటాం. నేను సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారయ్యే చోట తనిఖీ పని చేస్తాను. అక్కడ సిరంజీల కోసం గదులు చల్లగా ఉంచుతారు. వాటి పుణ్యాన మేమూ చల్లగా ఉంటాం. ఇంటికొస్తే మాత్రం పొయ్యి మీద పెనమే. పగలంతా స్లాబు ఎండని తాగి, పొద్దుగూకాక తీరిగ్గా మా మీద కుమ్మరించేది. మా అత్తయ్య తడి తువ్వాలు నెత్తిన వేసుకుని ఇల్లంతా తిరిగేది. వాళ్లది కోస్తా వైపు. మామయ్యకి ఇక్కడ సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో వచ్చి ఇక్కడివాళ్లే అయిపోయారు గానీ, అత్తయ్య మాటకి మాత్రం ఇంకా గోదావరి తడి ఆరలేదు.

"అమ్మాయ్, నన్ను కూడా తీసుకెళ్ళి ఆ సిరంజీల పక్కన ఓ మూల కూర్చోబెట్టకూడదూ? మాట్లాడకుండా కూర్చుంటాను" అందొకరోజు.

అత్తయ్య మాట్లాడకుండా కూర్చోవడానికి సిద్ధపడిందంటే ఎండ ఏ స్థాయిలో ఉందో మాకు అర్థమైంది. ఆ వారమే ఏసీ కొన్నాం.

కొనడం తేలికే. దాన్ని గోడకెక్కించాలంటే ముందు కింద వాటాలో ఉండే ఇంటామెను ఒప్పించాలి. ఆమెను మేం పెద్దమ్మ అంటాం. ఆమెది ఈ ఊరే. ఒకప్పుడు ఆమె కలుపు తీసిన పొలాల్లో ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లున్నాయి. ఈ ఇంటిని ఆమె ఒక ఏడు ఒక గోడ, ఇంకో ఏడు ఇంకో గోడ అన్నట్టుగా కట్టించుకుంది. అందుకని గోడలంటే ఆమెకు ప్రాణం. మేం దిగిన రోజు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, గోడకు మొల కొట్టొద్దని. మా పెళ్లిఫోటో అల్మారాకి ఆనుకుని నిలబడేది. క్యాలెండరు ఫ్రిజ్ మీద పడుకునేది.

విషయం చెప్పడానికి నేనూ మా ఆయనా కిందికి దిగాం. పెద్దమ్మ చింతకాయ తొక్కు జాడీకి గుడ్డ కడుతోంది.

"పెద్దమ్మా, ఏసీ తెచ్చినం. గోడకు జెర చిన్న బొక్క పెట్టాలె" అన్నాను.

"ఎంత బొక్క?"

మా ఆయన అబద్ధం ఆడలేడు. రెండు చేతులతో గుండ్రంగా, ఉన్నంతా చూపించాడు.

పెద్దమ్మ జాడీ పక్కన పెట్టింది. "మొల కొట్టొద్దని చెప్తే, నువ్వు పిల్లి దూరేంత బొక్క పెడ్తనంటవేంది సారూ? గోడ కూలితే?"

"కూలదండీ. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో నేను చూసుకుంటాను. మీరు దగ్గరుండి చూడండి. నచ్చకపోతే ఆపించేయండి."

ఆపించే అధికారం తనదే అన్న మాట పెద్దమ్మకి బాగా నచ్చింది. "అయితే నేను లేకుండ మిషన్ ముట్టొద్దు" అంది.

ఆదివారం పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. లక్డారం ఊరతను, నడివయసు, నవ్వు ముఖం. మా ఆయన అతన్నీ, పెద్దమ్మనీ, అత్తయ్యనీ, నన్నూ హాల్లో వరసగా నిలబెట్టాడు. పని మొదలయ్యే ముందు ఫ్యాక్టరీలో ఇలాగే నిలబెట్టి జాగ్రత్తలు చెబుతారట. నిచ్చెన ఎవరు పట్టుకోవాలి, డ్రిల్లు నడిచేటప్పుడు ఎవరు దూరంగా ఉండాలి, మెయిన్ ఎవరు ఆపాలి, అన్నీ చెప్పాడు. చివరికి మెకానిక్ నెత్తిన పసుపు హెల్మెట్ పెట్టాడు.

"సార్, నేను ఏసీ పెట్టనీకొచ్చిన. బాయి తవ్వనీకి కాదు" అన్నాడు మెకానిక్.

"కళ్ళద్దాలు కూడా ఉన్నాయి, తీసుకోండి" అన్నాడు మా ఆయన.

అత్తయ్య దేవుడి పటాల మీద పాత చీర కప్పింది. ఆవకాయ కోసం తెప్పించిన కారం, ఆవపిండి, కల్లుప్పు డబ్బాల మీద ఇంకో చీర కప్పింది. నా మీద ఏమీ కప్పలేదు.

పడకగది గోడని మెకానిక్ వేళ్ళతో తట్టుకుంటూ వెళ్ళాడు. స్విచ్‌బోర్డుకి సరిగ్గా పైన గోడలోపల వైర్లుంటాయి కాబట్టి అక్కడ వద్దనుకున్నారు. మంచానికి పైనా వద్దన్నాడు మా ఆయన, ఎంత గట్టిగా బిగించినా తల మీద బరువెందుకని. బయటి గోడ వైపు, పిల్లర్‌కి దూరంగా ఒకచోట ఇద్దరికీ కుదిరింది. అప్పుడు బయల్పడింది అసలు చిక్కు. ఆ గోడకి అవతల గల్లీ. బొక్క పడగానే ఇటుక ముక్క గల్లీలో పడుతుంది. మా గల్లీ నిండా కిరాయి గదులే. ఆదివారమైనా షిఫ్టుకి పోయేవాళ్ళూ, వచ్చేవాళ్ళూ నడుస్తూనే ఉంటారు.

"కింద ఒకరు నిలబడి మనుషుల్ని ఆపాలి" అన్నాడు మా ఆయన. పెద్దమ్మ వైపు తిరిగి, సంచీలోంచి విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఊదితే ఎవరైనా ఆగాల్సిందే. పైన మేం కూడా ఆపేస్తాం."

పెద్దమ్మ విజిల్‌ని కొంగుతో తుడిచి, ఒకసారి ఊది చూసింది. అత్తయ్య ఉలిక్కిపడింది. పెద్దమ్మ ముఖం వెలిగింది.

నేను కిటికీలోంచి అంతా చూశాను. పెద్దమ్మ గల్లీ మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. ముందుగా సైకిల్ మీద వస్తున్న ఇద్దరు ఉత్తరాది కార్మికుల్ని ఆపింది. "రుక్కో! ఊపర్ సే ఈంటా గిర్తా!" అని, ఇటుక పడబోయే గోడని చూపించింది. వాళ్ళు దిగి పైకి చూశారు. వాళ్ళ వెనక నీళ్ల డబ్బాల ఆటో ఆగింది. ఆ వెనక పెరుగు ప్యాకెట్లు తెస్తున్నావిడ. వచ్చిన వాళ్ళు వచ్చినట్టే ఆగి, ఎందుకో తెలియకుండానే తల పైకెత్తి మా గోడ వైపు చూడసాగారు. ఒకాయన చెప్పులు విడిచి చేతులు జోడించాడు కూడా. ఏం వెలుస్తుందనుకున్నాడో పాపం.

లోపల డ్రిల్లు గుర్రుమని మొదలైంది. నీళ్లు బయటికి జారాలని మెకానిక్ బొక్కని కాస్త కిందికి వాలుగా పెట్టాడు. అంతలో విజిల్. మెకానిక్ ఆపేశాడు. నేను కిందికి చూస్తే, ఒక బర్రె. అది విజిల్‌కి ఆగలేదు. పెద్దమ్మ దాన్ని తోక పట్టుకుని తిప్పి పంపింది. మళ్ళీ డ్రిల్లు, మళ్ళీ విజిల్. ఈసారి పెద్దమ్మకి తుమ్మొచ్చిందట. విజిల్ నోట్లో ఉండగానే తుమ్మింది.

"పెద్దమ్మా, ఊకె ఊదకు! మిషన్ కాలిపోతది!" అని మెకానిక్ అరిచాడు.

"నువ్వు మంచిగ నడిపియ్యి, నేను మంచిగ ఊదుత!" అని కిందినుంచి జవాబు.

చివరికి గోడ మీద సున్నం పెచ్చు ఊడింది. గుండ్రటి ఇటుక ముక్క ఒకటి బయటికి తొంగిచూసి, కాసేపు నిలబడి, ఖాళీ నేల మీద దబ్బుమని పడింది. గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ ఆ చప్పట్లన్నీ తనకేనన్నట్టు నిలబడింది. ఎవరి నెత్తీ పగల్లేదు కాబట్టి, నిజానికి అవి ఆమెకే.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఇనపపట్టీని మట్టం చూసి, స్క్రూలన్నీ గట్టిగా దిగేలా గోడకి బిగించారు. మా ఆయన ఆ పట్టీని రెండు చేతులా పట్టుకుని ఊగాడు.

"ఒరేయ్, నువ్వెందుకురా వేలాడుతున్నావ్?" అంది అత్తయ్య.

"ఇది నా బరువు మోస్తే ఏసీని మోస్తుందమ్మా."

పట్టీ మోసింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఏసీని మెల్లగా తగిలించారు. నీటిగొట్టంలో చెంబుడు నీళ్ళు పోసి అన్నీ బయటికే పోతున్నాయని చూసుకున్నారు. బయటి పెట్టెని బాల్కనీలో దిమ్మ మీద కూర్చోబెట్టారు. ఏసీకి వేరే వైరు, వేరే ఎంసీబీ స్విచ్చి కావాలని మా ఆయన ముందే చెప్పి ఉంచడంతో మెకానిక్ అవి కూడా లాగాడు. అత్తయ్య మంచం మీద దిండు సర్దుకుని, ఏసీకి ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చుంది.

"ఇక వెయ్యండి నాయనా!"

"ఒక్కసారి ఎర్త్ చూద్దాం" అన్నాడు మా ఆయన.

మెకానిక్ ఒక బల్బుకి రెండు వైర్లున్న సరంజామా తీశాడు. ఒక వైరు కరెంటులో, రెండోది న్యూట్రల్‌లో పెడితే బల్బు వెలిగింది. రెండోదాన్ని తీసి ఎర్త్‌లో పెట్టాడు. వెలగలేదు. అటూ ఇటూ కదిపాడు. వెలగలేదు. కిందికెళ్ళి మీటరు డబ్బా విప్పి చూసి పైకొచ్చాడు.

"సార్, ఇంటి వైరింగుల ఎర్త్ వైరున్నది. కిందికి పోయి డబ్బా ఎనక ఆగింది. భూమిలకు పోలే. ఎర్తింగే లేదు ఇంటికి."

అప్పటికే పైకొచ్చి వింటున్న పెద్దమ్మకి కోపం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నవ్? ఎర్త్ లేకుంటే నా ఇల్లు గాల్ల నిలబడ్డదా? భూమ్మీదనే కట్టిన గదా!"

కరెంటు ఎక్కడైనా దారి తప్పి వస్తువు పైరేకుకి తగిలితే, దాన్ని నేలలోకి తీసుకుపోవడానికి ఒక తీగ ఉండాలని, లేకపోతే ముట్టుకున్న మనిషే ఆ తీగ అవుతాడని మా ఆయన ఆమెకి చెప్పాడు. పెద్దమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా, "అయితే నా బోరు మోటరు స్విచ్చి ముట్టుకుంటే జివ్వుమంటది, గందుకేనా? చేతుల నరం పట్టిందేమో అనుకున్న" అంది.

"మా వాషింగ్ మెషీనూ అంతే కదండీ, వదినగారూ" అంది అత్తయ్య కళ్ళు తెరిచి. "నాకు కీళ్ళవాతమని మాత్రలు కూడా వాడుతున్నాను."

నేను ఫ్రిజ్ తలుపు సంగతి చెప్పాను. అది అప్పుడప్పుడూ చీమ కుట్టినట్టు చురుక్కుమనేది. ముగ్గురం ఇన్నాళ్ళూ ఒకే కరెంటుని ముట్టుకుని, ముగ్గురం మూడు పేర్లు పెట్టుకున్నాం. ఆ నిమిషంలో ఎవరికీ నవ్వు రాలేదు. తడి చేతులతో మెషీన్లోంచి బట్టలు తీసిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి.

అత్తయ్య మాత్రం కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు చెప్పింది నాకు గుర్తుందిరా. మెషీను జిల్లుమంటోందంటే, చెప్పులేసుకుని ముట్టుకోమన్నావు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తర్వాత చూద్దామనుకున్నానమ్మా" అన్నాడు. ఫ్యాక్టరీలో ఇంకెవరైనా ఆ మాటంటే ఊరుకోడట.

ఎర్తింగ్ పడేదాకా ఏసీ వేసేది లేదన్నాడు. ఆ మాటమీద నిలబడ్డాడు. అలా ఏసీ కొన్నాళ్ళపాటు గోడ మీద ఊరికే ఉంది. అత్తయ్య తడి తువ్వాలుతో దాని కింద తిరుగుతూ, "కొత్తల్లుడిలా ఉంది. పైన కూర్చోబెట్టి చూసుకోవడమే, పనేం చెప్పకూడదు" అనేది.

గుంత తవ్వించింది పెద్దమ్మే. మెకానిక్ కన్నా ముందే, తెల్లారకముందే లేచి, మీటరు దగ్గర గడపకి పక్కన తనే గడ్డపార దించడం మొదలుపెట్టింది. వద్దన్నా వినలేదు. మెకానిక్ వచ్చి లోతుగా తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా పొయ్యాలన్నాడు. బొగ్గు ఇస్త్రీ బండి దగ్గర దొరికింది. ఉప్పు చాల్లేదు.

అందరం అత్తయ్య వైపు చూశాం. ఆవకాయ ఉప్పు గుర్తొచ్చి ఆవిడ ముఖం మాడింది.

"పచ్చడి పెట్టేదెలా?"

"వదినా, మనుషులుంటేనే గదా తొక్కు తినేది" అంది పెద్దమ్మ.

అత్తయ్య డబ్బా తెచ్చి, తన చేత్తోనే గుంతలో పోసింది. పోస్తూ, "పాతాళానికి ఆవకాయ పెడుతున్నాం" అని గొణిగింది. నీళ్ళు పోసి, పూడ్చి, తీగ బిగించాక మెకానిక్ మళ్ళీ బల్బు పెట్టి చూశాడు. ఎర్త్ మీద బల్బు భగ్గున వెలిగింది. పెద్దమ్మ బోరు మోటరు దగ్గరికెళ్ళింది. మా ఆయన ముందుగా టెస్టరుతో చూసి తలూపాక, ఒక్క వేలితో ముట్టింది. తర్వాత అరచెయ్యంతా ఆనించింది.

"ఏమైతలేదు!" అని అరిచింది.

ఆ సాయంత్రం ఏసీ వేశాం. తొలి చల్లగాలి అత్తయ్యకే. పెద్దమ్మ తన గోడని చూసుకోవడానికి వచ్చానంటూ వచ్చి, గోడని ఒక్కసారి తడిమి, మంచం మీద కూర్చుంది. కొంచెం సేపటికే కొంగు చెవుల చుట్టూ చుట్టుకుంది.

"బిడ్డా, మంచిగనే ఉన్నది గానీ, ఇదేం సలి! జెర తగ్గియ్యి."

"తగ్గించకమ్మాయ్" అంది అత్తయ్య. "వదినగారికి దుప్పటి ఇవ్వు."

ఎండాకాలం నడిమధ్యలో ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, ఆవకాయలో ఎంత ఉప్పు పడాలన్న దాని మీద వాదించుకున్నారు. ఉప్పు మాత్రం ఇంకా కొనాల్సే ఉంది.

మళ్ళీ ఆదివారం నాకు సెలవు దక్కుతుందనుకున్నాను. పొద్దున్నే పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనకాల ఎదురింటామె, మూలమీది కిరాణా షాపాయన, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"సారూ, ఈమె ఫ్రిజ్‌ గుడ జివ్వుమంటదట. ఈయనకేమో షట్టరు ముట్టుకుంటే గుంజుతదట. ఆళ్ళకు తెల్వక నరాల డాక్టర్ చుట్టు తిరుగుతున్నరు. జెర టెస్టరు తీసుకొని రా" అంది.

మా ఆయన చెప్పులు వెతుక్కుంటూ నా వైపు బిక్కముఖంతో చూశాడు. నేను మెకానిక్ నంబరు కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టి, తలుపు దగ్గరగా వేసి, అత్తయ్య పక్కన పడుకున్నాను.